అరవై ఒకటి దగ్గర ఆగిన బ్యాటరీ

హలో... హలో, అందరికీ ఈ మెసేజ్ అందిందా? ఏం, బాగున్నారా? ఇంట్లో పిల్లలు, కొట్టంలో గొర్రెలు అన్నీ క్షేమమేనా? నేనే, కాసిమాలిని. నరిన్ బజార్లో బూట్లు కుట్టేవాళ్ళ వరస ఉంది చూశారూ, అందులో చివరి కొట్టు నాది. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు దాటి, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. నా చదువు ఎనిమిదో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకోండి. రోజూ ఈ గ్రూపులో నేను పెట్టే జోకులకి నవ్వుతుంటారుగా, ఇవాళ జోకు లేదు. టీ పోసుకుని కూర్చోండి, ఒక బ్యాటరీ సంగతి చెప్పాలి.

ముందు ఒక్క ముక్క చెబితే గానీ మిగతాది అర్థం కాదు. బ్యాటరీలో ఎంత ఉందో స్క్రీన్‌కి తెలియదు. బ్యాటరీ డొక్కలో చిన్న బోర్డు ఒకటి ఉంటుంది, అది చెప్పిన అంకెనే స్క్రీన్ చూపిస్తుంది. ఆ బోర్డు గుడ్డిది. లోపల సెల్లులు ముసలివైపోయినా, వాటిని పీకేసి మనం వేరేవి అతికించినా, అది పాత లెక్కే వల్లిస్తూ ఉంటుంది. అత్తగారు పిండిపెట్టె మూత తీయకుండా పైన తట్టి 'ఇంకా సగముందిలే' అన్నట్టు. దానికి నిజం నేర్పాలంటే ఒకటే దారి. నూరు దాకా నింపి, రెండు గంటలు అలాగే ఉంచాలి. తరువాత తీగ పీకేసి, తనంతట తాను ఆరిపోయేదాకా నడవనివ్వాలి. ఆరిపోయాక ఐదు గంటలు ఖాళీగా పడుకోబెట్టాలి. అప్పుడు మధ్యలో ఆపకుండా మళ్ళీ నింపాలి. అప్పటికి గానీ బోర్డుకి అడుగు ఎక్కడుందో, అంచు ఎక్కడుందో తెలియదు. ఒక పగలూ ఒక రాత్రీ పట్టే పని. తొందరపడితే కుదరదు.

నేను తొందరపడ్డాను.

పోయిన ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఎసెన్‌బాయ్ నా కొట్టుకి వచ్చాడు. కోక్-బెల్ కనుమ మీద మంచు కాపలా ఉద్యోగం వాడిది. పదిహేను రోజులు పైన, పదిహేను రోజులు కింద. నేనూ వాడూ ఒకే బెంచీ మీద చదువు మానేసినవాళ్ళం.

"ఏరా కాసిమ్, ఇది పది నిమిషాలకే కళ్ళు మూసేస్తోందిరా. తొంభై ఏళ్ళ మా పెద్దత్త కూడా ఇంతకన్నా ఎక్కువసేపు మేలుకుంటుంది" అంటూ ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు.

"మీ పెద్దత్తకి నీ మీద తిట్లు మిగిలున్నాయి కాబట్టి మేలుకుంటోంది. దీనికేముంది?"

వాడు పెద్దగా నవ్వాడు. మూడింటికి కారు వస్తుంది, దాంట్లో పైకి పోవాలన్నాడు. నేను డొక్క విప్పి, ఆరు సెల్లులూ తీసి, మరో పాత బ్యాటరీ నుంచి తీసిన ఆరు అతికించాను. మూసి వెలిగిస్తే తొంభై నాలుగు చూపించింది. ఆ అంకె బోర్డు నోటికొచ్చిన అంకె. అది నాకు తెలుసు.

ఆ రోజే మా మరదలి కొడుకు పెళ్ళి విందు. విందుకి ఆలస్యంగా పోయినవాడికి, పెద్దవాళ్ళకి మర్యాదగా పెట్టే తుంటి ఎముక మిగలదని మీకు నేను వేరే చెప్పాలా? మెడముక్క పళ్ళెంలో పెడతారు, నాకన్నా పదేళ్ళు చిన్నవాడు తుంటి ఎముక చీకుతూ నా వంక చూస్తాడు. అంతకుముందు పెళ్ళిలో నాకు సరిగ్గా అదే జరిగింది. మా ఆవిడ ఆర్నెల్లు దెప్పింది. అందుకని రెండున్నరకే కొట్టు మూసేయాలని నా ఆత్రం.

"ఎంతసేపు వస్తుందిరా?" అని అడిగాడు ఎసెన్‌బాయ్.

"నాలుగు గంటలు ఖాయం. పో."

"నీ మాట నమ్మి కొండెక్కుతున్నా మరి."

"ఎక్కరా బాబూ, ఎక్కు. నన్ను పెళ్ళికి పోనీ."

పెళ్ళిలో నాకు తుంటి ఎముకే వచ్చింది. చాలా బాగుంది.

ఐదు రోజులు గడిచాయి. గురువారం మధ్యాహ్నం గాలికి కనుమ మీద కరెంటు తీగ తెగింది. పైన ఫోన్ పట్టదు. ల్యాప్‌టాప్‌కి తగిలించిన యాంటెన్నాతోనే కింద రోడ్డు వాళ్ళకి కబురు వెళ్ళాలి. అది వెళితేనే వాళ్ళు గేటు దించి బళ్ళు ఆపుతారు. ఎసెన్‌బాయ్ స్క్రీన్ చూశాడు. ఇంకా చాలా ఉందనుకున్నాడు. ముందు బయటికెళ్ళి కొలకర్ర దగ్గర మంచు ఎంత పేరుకుందో చూసొచ్చి, అప్పుడు కబురు పెడదామనుకున్నాడు. కర్ర మీద మంచు ఎర్ర గీత దాటేసింది. వెనక్కొచ్చి కబురు పెట్టబోయేసరికి కళ్ళముందే ల్యాప్‌టాప్ చచ్చింది. ఇక చేసేదేముంది, కాళ్ళకి పని చెప్పాడు. రెండు కిలోమీటర్లు మంచులో దిగి, రోడ్డుకి అడ్డంగా నిలబడి, పద్నాలుగు మందితో వస్తున్న వ్యాను ఆపి వెనక్కి తిప్పించాడు. వ్యాను తిరిగింది. వాడు మళ్ళీ పైకి నడిచాడు. సగం దారిలో కొండ మీది మంచంతా ఒక్కసారిగా జారింది.

రెండు రోజులకి తవ్వి తీశారు.

అంత్యక్రియల్లో ఆ వ్యాను డ్రైవరు ఏడుస్తూ అందరికీ అదే చెప్పాడు. "నన్ను ఆపి నవ్వాడండీ ఆయన! 'అరవై ఒకటి ఉందిరా, అరవై ఒకటి చూపిస్తూ చచ్చింది' అన్నాడు. అదేం మాటో నాకు అర్థం కాలేదు." కర్ర మీద మంచు కొలత అయ్యుంటుందిలే అన్నారు కొందరు. చలికి మతి తప్పి ఏదో అనుంటాడన్నారు కొందరు. మూడొందల మందిలో ఆ అంకె ఏమిటో నా ఒక్కడికే తెలుసు.

శవప్రార్థనకి ముందు ఎసెన్‌బాయ్ బావమరిది తిలెగెన్ జనం ముందుకొచ్చి, ఆనవాయితీ ప్రకారం గొంతెత్తి అడిగాడు. "మా బావ మీలో ఎవరికైనా ఏదైనా బాకీ ఉన్నాడా? ఉంటే ఇప్పుడే చెప్పండి, మేం తీరుస్తాం." ఎవరూ మాట్లాడలేదు. పోయినవాడు ఎవరికి బాకీ అని అడుగుతారు. పోయినవాడికి ఎవరు బాకీ అని మన ఆచారంలో అడగరు. అడగలేదు కదా అని నేను టోపీ చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాను.

పదకొండు నెలలు గడిచాయి. ఈ జనవరిలో, సోమవారం పొద్దున ఎసెన్‌బాయ్ భార్య బురుల్చా నా కొట్టుకి వచ్చింది. నల్లబట్టల్లోనే ఉంది. చంకలో ఉన్ని గుడ్డతో చుట్టిన మూట.

"బైకె, అన్నయ్యా, ఇది ఆయనది. పైన కాపలా గదిలో దొరికిందని తెచ్చిచ్చారు. ఇన్నాళ్ళూ పెట్టెలో, రగ్గుల కింద ఉంది" అంది.

"దేనికి తెచ్చావు చెల్లెమ్మా? అమ్మేస్తావా?"

"అమ్మడమా! మా తిలెగెన్‌కి ఆయన ఉద్యోగమే ఇచ్చారు. శనివారం పైకి పోతున్నాడు. అక్కడిది పాడైందట, కొత్తది వసంతానికి గానీ రాదట. ఇది పట్టుకెళతాడు. బ్యాటరీ మీరే వేశారని ఆయన చెప్పాడు. 'కాసిమ్ వేశాడు, ఇంక బెంగ లేదు' అన్నాడు. అందుకే వేరేవాళ్ళ దగ్గరికి పోలేదు."

ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు ఆ మూట విప్పలేదు. తరువాత నాకు నేనే చెప్పుకున్నాను, ఈసారి పద్ధతిగా చేద్దాం, నాలుగు రోజులుంది, చక్కగా నేర్పి పంపిద్దాం, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అని.

నూరు దాకా నింపాను. రెండు గంటలు ఉంచాను. తీగ పీకాను. తొంభై, ఎనభై, డెబ్భై... ముసలి గుర్రం మెట్లు దిగినట్టు నిదానంగా దిగింది. అరవై మూడు. అరవై రెండు. అరవై ఒకటి. ఇక్కడ టప్పున ఆరిపోతుందని చూస్తున్నాను. సెల్లులు చచ్చినవని నాకు తెలుసుగా.

ఆరిపోలేదు. దిగనూ లేదు.

గంట అయింది. అరవై ఒకటి. రెండు గంటలు. అరవై ఒకటి. డొక్క మీద చెయ్యి పెట్టాను. పనిచేసే బ్యాటరీ గోరువెచ్చగా ఉండాలి. ఇది ఏటి రాయిలా చల్లగా ఉంది. తీగలు తాకించి మీటర్ పెట్టి చూశాను. మీటర్ ముల్లు కదల్లేదు. లోపల ఏమీ లేదు. స్క్రీన్ మాత్రం వెలుగుతూనే ఉంది. లోపలి పంకా చప్పుడు మామూలుగా ఉండే బుర్రుమనే చప్పుడు కాదు. ఆగి ఆగి, ఎత్తు మీద గాలి వీచినట్టు వీస్తోంది.

అప్పుడే మా ఆవిడ అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఏం, పొయ్యిలో బొగ్గు వేసుకోవడం కూడా మర్చిపోయావా? చలికి చస్తున్నావు" అంది.

"పొయ్యి ఎర్రగా ఉంది, కళ్ళు పెట్టుకుని చూడు."

ఆమె పొయ్యి వంక చూసింది. నిజంగానే ఎర్రగా ఉంది. తరువాత తన నోటి ముందు తెల్లగా లేస్తున్న ఊపిరిని చూసుకుంది. బల్ల మీద నా టీ గిన్నెలోకి చూసింది. వేలితో తాకింది. పైన పలచగా గడ్డకట్టింది.

"ఎవరిదయ్యా ఈ యంత్రం?"

"ఎసెన్‌బాయ్‌ది."

మా ఆవిడకి నోరెక్కువని మీకందరికీ తెలుసు. ఆ రోజు ఒక్క మాట అనలేదు. గిన్నె అక్కడ పెట్టి, తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం డొక్కనే మార్చేశాను. కొత్త సెల్లులు, కొత్త బోర్డు. పాతదాని స్క్రూ కూడా మిగల్చలేదు. ఇంక దేనికి గుర్తుంటుంది అనుకున్నాను. నింపాను, తీగ పీకాను. అరవై ఒకటి దగ్గర ఆగింది. మీటర్ పెడితే ఖాళీ. కొత్త సెల్లులు ఖాళీ అవడం ఏమిటండీ, పొద్దుననే నేనే నింపాను. తలుపు సందులోంచి వచ్చిన మంచు కాదు గానీ, అక్షరాల బటన్ల మధ్య సన్నటి తెల్లపొడి కనబడింది. వేలితో తీస్తే నీళ్ళయింది.

బుధవారం నాకు ఒక ఆలోచన వచ్చింది. ప్రతి ల్యాప్‌టాప్ లోపల తన బ్యాటరీ దినచర్య తానే రాసుకుంటుంది, ఎప్పుడు వెలిగింది, ఎంత ఉంది, ఎప్పుడు ఆరింది అని. అడిగితే మొత్తం చూపిస్తుంది. అడిగాను. ఫిబ్రవరిలో ఆ గురువారం, సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలకి, అరవై ఒకటి. అక్కడితో అయిపోవాలి. తరువాత ఎవరూ దాన్ని వెలిగించలేదు కదా. పెట్టెలో, రగ్గుల కింద ఉంది కదా.

అయిపోలేదు. కింద ఇంకా వరసలున్నాయి. మరుసటి గురువారం, సాయంత్రం ఐదున్నరకి వెలిగింది, అరవై ఒకటి, ఎనిమిది నిమిషాలు, ఆరింది. ఆ పై గురువారం కూడా అంతే. మార్చి, ఏప్రిల్, మే. రోజులు పొడుగయ్యే కొద్దీ వెలిగే వేళ ఆలస్యమవుతూ వచ్చింది, ఎప్పుడూ పొద్దువాలే వేళకే. ప్రతిసారీ అరవై ఒకటి, ప్రతిసారీ ఎనిమిది నిమిషాలు. ఒక్క ఆగస్టులో మాత్రం ఒక గురువారం ఖాళీ.

వెంటనే బురుల్చాకి ఫోన్ చేశాను.

"చెల్లెమ్మా, గురువారాలు పొద్దువాలే వేళ ఏం చేస్తుంటావు?"

"ఏం చేస్తాను బైకె, అందరూ చేసేదే. పోయినవాళ్ళకి నూనె వాసన చూపించొద్దూ? ఏడు రొట్టెలు వేయిస్తాను. ఆయన పోయిన వారం నుంచీ మానలేదు."

"ఏడు రొట్టెలకి ఎంతసేపు పడుతుంది?"

"ఇదేం ప్రశ్న! ఏడెనిమిది నిమిషాలు. ఎందుకు?"

"ఆగస్టులో ఒక వారం మానేశావా?"

"అత్-బాషీలో మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇక్కడ పొయ్యి వెలిగించలేదు. మీకెవరు చెప్పారు?"

"రేపు వస్తాను" అని పెట్టేశాను.

అబద్ధం ఎందుకు, ఆ రోజు నేను వేరే దారి కూడా వెతికాను. ఆ యంత్రం నదిలో పారేసి, పాడైపోయిందని చెప్పి, నా సొంతది తిలెగెన్‌కి ఇచ్చేద్దామా అనుకున్నాను. సంచీలో వేసుకుని వంతెన దాకా నడిచాను కూడా. నది గడ్డకట్టి ఉంది. గడ్డ మీద పడేస్తే, అందరికీ కనబడేలా పైనే పడి ఉంటుంది. సంచీలోంచి పంకా చప్పుడు, ఎత్తు మీద గాలి. వెనక్కొచ్చేశాను.

గురువారం ఐదింటికి బురుల్చా ఇంటికి వెళ్ళాను. వంటింట్లో నూనె కాగుతోంది. పీట మీద పిండి ఒత్తి ఏడు బిళ్ళలు పెట్టింది. నన్ను చూసి పొయ్యి దగ్గర చోటు చూపించి కూర్చోమంది. నేను ల్యాప్‌టాప్ సంచీలోంచి తీసి, పొయ్యి పక్కన పొట్టి బల్ల మీద మూసే పెట్టాను. ఆమె మొదటి బిళ్ళ నూనెలో వేసింది. చుయ్యిమంది. పొగ లేచింది.

మూసి ఉన్న మూత సందులోంచి నీలం వెలుగు వచ్చింది.

బురుల్చా చూసింది. చేతిలో గరిటె ఆగలేదు. "ఏమిటది?" అని మాత్రం అడిగింది.

"చెల్లెమ్మా, నేనొకటి చెప్పాలి."

"ఏడూ అయ్యేదాకా మాట్లాడకండి. మధ్యలో ఆపకూడదు."

ఆమె ఒక్కొక్కటే వేయిస్తోంది, తిప్పుతోంది, తీస్తోంది. కిటికీ అద్దం మీద మంచు చలి పువ్వులై కిందనుంచి పైకి పాకింది. కాగే నూనె పక్కన కూర్చున్నాను, నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఏడో రొట్టె పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, ఆమె మూత ఎత్తింది. స్క్రీన్ మూల అరవై ఒకటి.

అంకెని చాలాసేపు చూసింది. ఆమె కూడా ఆ డ్రైవరు మాటలు విన్న మనిషే.

"ఇప్పుడు చెప్పండి" అంది. నేను ఆమె వైపు తిరిగాను. "నాకు కాదు. దానికి."

యాభై మూడేళ్ళవాణ్ణి, ఒక యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను. "ఎసెన్, ఒరే, ఆ అంకె అబద్ధమని నాకు తెలుసురా. ఒక పగలూ రాత్రీ ఉంచమని చెప్పాల్సింది. కారు వదిలేయ్, రేపు పోదువుగాని అనాల్సింది. విందుకి ఆలస్యమవుతుందని అనలేదు. ఒక ఎముక కోసంరా. తుంటి ఎముక కోసం. నాలుగు గంటలు వస్తుందన్నాను. నలభై నిమిషాలు కూడా రాదని నాకు తెలుసు. నీ శవం దగ్గర నిలబడి కూడా చెప్పలేదు."

పంకా ఆగింది. గదిలో నూనె చిటపట ఒక్కటే. తరువాత ఆ అంకె మారింది.

అరవై.

అదే సమయానికి తిలెగెన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. మొత్తం విన్నాడు. ఒక్క అంగలో వచ్చి నా కోటు కాలరు పట్టుకున్నాడు.

"శనివారం ఇది నమ్ముకుని నేను పోవాల్సినవాణ్ణి కదా! నన్ను కూడా తవ్వి తీసేవాళ్ళా? అప్పుడు కూడా టోపీ నలుపుకుంటూ నిలబడేవాడివా ముసలోడా?"

"కొట్టరా. కొట్టు" అన్నాను.

"తిలెగెన్, వదులు" అంది బురుల్చా.

"ఎజె, అక్కా, వీడు..."

"వదిలి కూర్చో. చప్పుడు చేయకు. మీ బావ దిగుతున్నాడు."

ఆమె ఆ మాట ఎంత మామూలుగా అందంటే, బస్సు వస్తోంది అన్నట్టు అంది. తిలెగెన్ చెయ్యి దానంతట అదే వదులైంది. ముగ్గురం ఆ పొట్టి బల్ల చుట్టూ కూర్చున్నాం. యాభై తొమ్మిది. యాభై ఎనిమిది. ఆమె ప్రార్థన చేసి రొట్టె తుంచి తిలెగెన్‌కి ఇచ్చింది, తాను తీసుకుంది. పళ్ళెం నా వైపు జరపలేదు. నేను అడగలేదు.

చెప్పొద్దూ, నాలుగు గంటలు పట్టింది. గడియారం చూసుకుంటూనే ఉన్నాను. నేను వాడికి చెప్పిన నాలుగు గంటలు, నిమిషం అటూ ఇటూ లేకుండా. అంకె తగ్గేకొద్దీ కిటికీ మీద చలి పువ్వులు కరిగి కారాయి. ఇరవై దగ్గర వాకిట్లో కుక్క లేచి, అరవకుండా, గొలుసు ఈడ్చుకుంటూ దారివైపు నడిచిన చప్పుడైంది. పది దగ్గర బురుల్చా లేచి, తలుపు గడియ తీసి వచ్చి కూర్చుంది. మూడు. రెండు. ఒకటి.

సున్నా దగ్గర స్క్రీన్ ఆరిపోయింది. అప్పుడు గుమ్మం బయట, మంచులో నడిచొచ్చినవాడు బూట్లు గోడకేసి దులుపుకున్నట్టు, రెండు దెబ్బలు. టక్. టక్.

మేం ముగ్గురం కదల్లేదు. "తలుపు తీసే ఉంది" అంది బురుల్చా, చాలా మెల్లగా.

నేనేమైనా చూశానా అంటే, లేదు. చూశానని చెబితే అబద్ధం, ఇక అబద్ధాలు నాకొద్దు. లాంతరు పట్టుకెళ్ళి చూస్తే అడుగుల గుర్తులు లేవు. గడప మాత్రం తడిగా ఉంది. ఆ రోజు మంచు పడలేదు.

యంత్రాన్ని తెల్లారేదాకా ఖాళీగా పడుకోబెట్టాం. ఐదు గంటలు చాలు, కానీ ఎవరికీ ముట్టుకోవాలనిపించలేదు. శుక్రవారం నింపాను. తీగ పీకి చూశాను. అరవై రెండు, అరవై ఒకటి, అరవై, యాభై తొమ్మిది, మామూలుగా దిగిపోయింది. డొక్క గోరువెచ్చగా ఉంది. మళ్ళీ నింపాను. శనివారం తిలెగెన్ పట్టుకెళ్ళాడు. మూత మీద కాగితం అంటించి, దాని మీద పెద్ద అక్షరాలతో రాశాను. 'ముందు కబురు, తరువాతే కొలకర్ర. అంకె ఎంతున్నా.' తిలెగెన్ నాతో మాట్లాడలేదు గానీ ఆ కాగితం చింపలేదు. బ్యాటరీని చలిలో కోటు లోపల, ఛాతీకి ఆనించి పెట్టుకోమన్నాను. అలాగే పెట్టుకున్నాడు.

బురుల్చాని అడిగాను, క్షమించావా అని.

"లేదు బైకె. క్షమించానని ఎక్కడా అనకండి. ఆయన సంగతి ఆయన చూసుకున్నాడు, నా సంగతి వేరు" అంది. తరువాత తలుపు మూయబోతూ ఆగింది. "ఆ రోజు ప్రార్థన దగ్గర మూడొందల మంది ఉన్నారు. మా ఆయనకి చలికి మతి పోయిందని సగంమంది ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆయనకి మతి పోలేదు. వాళ్ళందరికీ మీరే చెప్పాలి."

అందుకే ఇది రాస్తున్నాను. ఎసెన్‌బాయ్‌కి మతి పోలేదు. అరవై ఒకటి అన్నది మంచు కొలత కాదు. వాడు తెలివిగానే చెప్పాడు, నా తప్పునే చెప్పాడు.

నా దగ్గర ఆ మూడొందల మంది నంబర్లు లేవు. ఇరవై మందివి ఉన్నాయి, మీరు. మీకు తెలిసినవాళ్ళకి మీరు పంపండి, వాళ్ళని ఇంకొకరికి పంపమనండి. కనుమ కింది ఊళ్ళన్నిటికీ చేరాలి. ఆ వ్యాను డ్రైవరు ఎవరికైనా తెలిస్తే వాడికి తప్పకుండా పంపండి. బ్యాటరీలు బాగుచేసే తమ్ముళ్ళు ఉంటే వాళ్ళకీ పంపండి, ఒక పగలూ రాత్రీ పడుతుందని చెప్పడానికి సిగ్గుపడొద్దని నా మాటగా చెప్పండి.

ఇవాళ గురువారం. మా ఆవిడ కూడా లోపల వాడి కోసం నూనె పెట్టింది. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు నా ఫోన్‌లో అరవై ఒకటి ఉంది. రెండు గంటలైంది, ఇంకా అరవై ఒకటే ఉంది. ఫోన్ చల్లగా ఉంది.

దయచేసి పంపండి.